బొగ్గుబాయి నాటకంలో నీళ్లు నిండే సీన్ లైట్లతోనే అవుతుందా? తాపస్ సేన్ పని తెలిసినవాళ్లు చెప్పండి

ఖని_పోరడు

అందరికీ నమస్తే. మాది గోదావరిఖని, ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నా. కాలేజీ రోజుల నుంచి కలిసి నాటకాలేసే ఏడుగురం ఒక యాభై నిమిషాల నాటకం తయారు చేస్తున్నాం. కథంతా బొగ్గుబాయి లోపలే, సెకండ్ షిఫ్టు దిగిన ఐదుగురు ఫిల్లర్లు (బొగ్గు ఎత్తి నింపేవాళ్లు), వాళ్ల పని చూసే ఒక సర్దార్. చివరి పది నిమిషాల్లో బాయిలోకి నీళ్లొస్తాయి. మా దిక్కు వాళ్లకి ఇది ఊహించి రాసిన కథ కాదు. 2003 జూన్ 16న మా ఖనిలోనే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. నేను అప్పుడు చిన్నపిల్లాడిని, కాలనీ ఆడవాళ్లంతా బాయి దిక్కు ఉరకడం ఒక్కటే గుర్తుంది.

సమస్య ఏంటంటే ఆ నీళ్లు ఎట్లా చూపించాలి. మాలో ఒకడు ప్రొజెక్టర్ పెట్టి వెనక తెర మీద వీడియో వేద్దాం అంటాడు. ఇంకొకడు ఇద్దరు చెరో పక్క నీలం గుడ్డ పట్టుకుని ఊపితే సరిపోతది అంటాడు, స్కూల్ వార్షికోత్సవంలో గంగమ్మ వచ్చినట్టు. నాకు రెండూ మనసుకు పట్టలేదు. మొన్న ఒక వర్క్‌షాపులో ఒక పెద్దాయన, 1959లో కలకత్తాలో తాపస్ సేన్ అనే ఆయన స్టేజీ మీద చుక్క నీరు పోయకుండా వట్టి లైట్లతో బొగ్గుగనిని ముంచేశాడు అని చెప్పి, అక్కడితో ఆపేసి టీ తాగడానికి పోయారు. అప్పటి నుంచి నా తలలో అదే తిరుగుతోంది.

ఎవరీయన? ఎక్కడ నేర్చుకున్నాడు? మనలాంటోళ్లు అది చేయగలరా? మాకు అద్దెకి దొరికేవి ఆరు ఎల్‌ఈడీ పార్‌లు (డబ్బా లాంటి స్టేజీ లైట్లు), రెండు పాత హాలోజన్ పార్ క్యాన్‌లు, వెలుగు తగ్గించి పెంచే నాలుగు చానెళ్ల డిమ్మర్ ఒకటి. లైట్లకు మొత్తం బడ్జెట్ 12,000. ఇంకో మూడు వారాలే ఉంది, టెన్షన్ మామూలుగా లేదు.

మా బాపు 31 ఏళ్లు బాయిలో చేసి రిటైరైండు. ఆయనకు ఇంకా రిహార్సల్ చూపించలేదు. భయం.


నర్సంపేట_నాటకం

తమ్మీ, ఆ నాటకం పేరు అంగార్. ఉత్పల్ దత్ లిటిల్ థియేటర్ గ్రూప్ వాళ్లు మినర్వా థియేటర్‌లో ఆడారు, సంగీతం రవిశంకర్. గని తగలబడిపోకుండా కాపాడుకోవడానికి, కింద మనుషులున్నారని తెలిసి కూడా యజమానులు నీళ్లు వదులుతారు, అదీ క్లైమాక్స్. ఆ నీళ్లు కూలీల కాళ్ల దగ్గర మొదలై తల దాకా రావడం మొత్తం తాపస్ సేన్ పనే. చూసినవాళ్లు ఏళ్ల తర్వాత కూడా ముందు ఆ సీన్ గురించే మాట్లాడేవాళ్లంటే నమ్ము.

ఆయన పుట్టింది 1924లో, అస్సాంలోని ధుబ్రీలో. పెరిగింది మాత్రం ఢిల్లీలో. లైట్ల పని నేర్పే బడి ఆయన కాలంలో ఈ దేశంలో ఎక్కడుంది చెప్పు, నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా పెట్టిందే 1959లో, అంటే ఈయన కలకత్తాలో గనిని ముంచుతున్న సంవత్సరం. ఢిల్లీలో చిన్నచిన్న నాటకాలకు లైట్లు కడుతూ, ప్రజానాట్యమండలి వాళ్లతో (అక్కడ ఇప్టా అంటారు) తిరుగుతూ నేర్చుకున్నదే చదువు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో కలకత్తా చేరాడు. అక్కడ సరైన సమయానికి సరైన మనుషులు దొరికారు. శంభు మిత్ర నాటక బృందం బహురూపీ వాళ్లు 1954లో ఠాగూర్ రక్తకరబి వేస్తే దానికి లైట్లు ఈయనే. రంగాలంకరణ ఖాలెద్ చౌధురి. ఠాగూర్ నాటకాలు చదువుకోవడానికేగాని ఆడటానికి పనికిరావు అని చెప్పుకునే రోజుల్లో అది ఆడి నిలబడింది. అందులో రాజు చాలాసేపు మనకు కనపడడు, వల లాంటి తెర వెనక ఉంటాడు, గొంతు ఒక్కటే వినిపిస్తుంది. కనపడని మనిషి ఉన్నాడని నమ్మించడం లైట్లు చేసేవాడికి ఎంత పెద్ద పరీక్షో ఆలోచించు. నన్నడిగితే ఆయన గొప్పతనం గనిలో కంటే ఇక్కడే ఎక్కువ కనిపిస్తది, కానీ జనం గుర్తు పెట్టుకునేది నీళ్లనే, రైలునే.

రైలు అంటే సేతు నాటకం. అదీ 1959 ప్రాంతమే, విశ్వరూపా థియేటర్‌లో. తృప్తి మిత్ర పట్టాల దగ్గర నిలబడి ఉంటుంది, రైలొస్తుంది. స్టేజీ మీద రైలు లేదు, రైలు బొమ్మ కూడా లేదు. దూరంగా హెడ్‌లైట్, అది పెద్దదవడం, తర్వాత పెట్టెల కిటికీల వెలుగు ఒకదాని వెనక ఒకటి ఉరుకుతూ పోవడం, దానికి తగ్గట్టు చక్రాల చప్పుడు. అంతే. ఆ నాటకం ఏళ్ల తరబడి ఆడింది, సగం మంది రైలు కోసమే వచ్చేవాళ్లంటారు.

1965లో కల్లోల్. 1946 నౌకాదళ తిరుగుబాటు కథ, స్టేజీ మీద యుద్ధనౌక. 1974లో సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది, నటుడికో దర్శకుడికో కాదు, లైట్లు వేసినందుకు. 2006 జూన్‌లో కలకత్తాలోనే పోయారు.

సామాను సంగతి కూడా విను, నీ 12,000 చూసి ఏడుస్తున్నావు కదా. ఫారిన్ లైట్లు కొనే స్తోమత ఆ బృందాలకు లేదు. బిస్కెట్ డబ్బాలు, పాలపొడి డబ్బాలు, అట్టముక్కలు, వీటితోనే స్పాట్‌లు తయారు చేసుకున్నాడు. నీ దగ్గర డిమ్మర్ ఉంది, ఆ లెక్కన నువ్వు షావుకారివి.


ప్రేక్షకుడు_మూడో_వరస

కొంచెం వేరే మాట చెప్తా, ఏమనుకోకండి. ఆ గని సీన్ మీద అప్పట్లోనే ఒక విమర్శ ఉంది, నాటకాన్ని లైట్లు మింగేశాయని. మనుషులు చచ్చిపోతుంటే హాల్లో చప్పట్లు కొడితే అది ఎవరి కోసం కొట్టినట్టు? మాయాబజార్‌లో ఘటోత్కచుడి మాయలకు చప్పట్లు పడితే ముచ్చటే, సురభి వాళ్లు 1885 నుంచి చేస్తున్నది అదే, అక్కడ మాయ కథలోనే ఉంది. బొగ్గుబాయిలో మునిగిపోయే మనిషిని చూసి "అబ్బ ఎంత బాగా చేసిండ్రు" అని పక్కవాడు నా చెవిలో అంటే మాత్రం నాకు లేచి వెళ్లిపోవాలనిపిస్తది. తమ్ముడూ, నీ నీళ్లు బాగా రాకపోయినా ఫర్వాలేదు, మరీ బాగా రావొద్దు.


పాత_డిమ్మర్

మూడో వరస సార్ చెప్పింది నిజమే గానీ, ముందు నీళ్లు రానీయండి, తర్వాత తగ్గిద్దాం.

నేను పద్యనాటకాలకు, పరిషత్తు పోటీలకు లైట్లు వేసినవాణ్ని, ఇప్పుడు కళ్లు సహకరించక మానేశాను. మా ఊళ్లో చిందు భాగోతం దివిటీల వెలుగులో ఆడేవాళ్లని మా నాయన చెప్పేవాడు, నేను పుట్టేసరికి పెట్రోమాక్స్ వచ్చింది. ఆ గ్యాస్‌లైటు బుస్సుమనే చప్పుడు ఇప్పటికీ నాకు నాటకం మొదలైనట్టే వినిపిస్తది. తర్వాత కరెంటు, ఫుట్‌లైట్లు, ఆ మీద ఉప్పునీళ్ల డిమ్మర్. మీ కాలం వాళ్లకు తెలియదు. మట్టి గొట్టంలో ఉప్పు కలిపిన నీళ్లు పోసి, అందులో ఒక రేకు కిందికి దించుతుంటే లైటు మెల్లగా వెలిగేది, పైకి లాగితే ఆరేది. నీళ్లు మసిలేవి, షాక్ కొట్టేది. ఇది చదివి ఎవరూ చేయకండి, దండం పెడతా.

సరే, నీ సీన్. ఎల్‌ఈడీ పార్‌లు ఈ పనికి పనికిరావు, ముందే చెప్తున్నా. ఎందుకంటే దానిలో ఒక దీపం ఉండదు, పద్దెనిమిదో యాభై నాలుగో చిన్న దీపాలుంటాయి. దాని ముందు ఏ అట్ట పెట్టినా అన్ని నీడలు పడి ఒకదాని మీద ఒకటి కలిసిపోతాయి. నీళ్ల అలలు కావాలంటే ఒక్క చోటి నుంచి వచ్చే వెలుగు కావాలి. చిన్న హాలోజన్ బల్బు, 500 వాట్లది, దానిని స్టేజీ పక్కన నేల మీదికి దగ్గరగా పెట్టు. దాని చుట్టూ రేకు డబ్బా, నూనె డబ్బా అయినా సరే, దానికి వంకరటింకర చీలికలు కొట్టు, గుండ్రటి బెజ్జాలు వద్దు. ఆ డబ్బాను చేత్తో మెల్లగా తిప్పితే గోడ మీద అలలు కదులుతాయి. మోటారు పెట్టకు. మోటారు తిప్పితే ఫ్యాను తిరిగినట్టుంటది, చేత్తో తిప్పితే నీళ్లు కదిలినట్టుంటది. డబ్బా కాలుతది, తోలు చేతితొడుగు వేసుకోవాలి, పైన గాలి పోవడానికి తెరిచి ఉంచాలి.

ఇప్పుడు మట్టం పెరగడం. డబ్బాకు ముందు రెండడుగుల దూరంలో ఒక నల్ల అట్ట, వెలుగులో పై భాగాన్ని అడ్డుకునేట్టు. మొదట వెలుగు పాదాల దగ్గరే పడాలి. అట్టను మెల్లగా పైకి లేపుతుంటే వెలుగు మోకాలు, నడుము, ఛాతీ ఇట్లా ఎక్కుతది. అట్ట బల్బుకు మరీ దగ్గరగా ఉంటే గీత మసకగా పడుతది, దూరం జరిపిన కొద్దీ గీత తేరుతది. నీళ్లకు మరీ కత్తితో కోసినట్టు గీత వద్దు, చూసుకుని పెట్టుకో. ఒకవేళ ఎవరైనా ప్రొఫైల్ స్పాట్ ఇస్తే గుర్తుంచుకో, దానిలో లెన్స్ ఉంటది కాబట్టి అంతా తలకిందులు, పై షట్టర్ (వెలుగును అడ్డుకునే రేకు) లాగితే కింద కోస్తది. మొదటిసారి నేను అరగంట తిట్టుకున్నా.

ఇంకోటి, అద్దం ముక్కలు. వెడల్పు ట్రేలో నీళ్లు పోసి అడుగున పగిలిన అద్దం ముక్కలు వేసి, పై నుంచి స్పాట్ కొట్టి, ట్రేను వేలితో తడితే గని పైకప్పు మీద మెరుపులు ఆడతాయి. మట్టం చివరికి వచ్చినప్పుడు ఇది పది సెకన్లు చాలు. కరెంటు పక్కన నీళ్లు, జాగ్రత్త.

అసలు కిటుకు మాత్రం లైట్లలో లేదు. గీత మోకాలి దాకా వచ్చినప్పుడు నీ నటుడు రోడ్డు మీద నడిచినట్టు నడిస్తే ఎన్ని డబ్బాలు తిప్పినా దండగే. నీళ్లలో కాలు ఎత్తి వేస్తాం, తొడతో తోస్తాం. మాట ఊపిరి ఆగి ఆగి వస్తది. వడ్డేపల్లి చెరువు మెట్ల దగ్గర మీ వాళ్లందరినీ నడుం లోతు నిలబెట్టి ఒక్కసారి డైలాగులు చెప్పించు. ఈత వచ్చినవాణ్ని ఒడ్డున కూర్చోబెట్టు.


త్రీఫేజ్_అక్క

డిమ్మర్ సార్‌కి నమస్కారాలు, ఆ ఉప్పునీళ్ల సంగతి చదివి నా ఇంజినీరింగ్ గుండె ఒక్కసారి ఆగింది.

తమ్ముడూ, నావి రెండు మాటలు, రెండూ లోడ్ గురించి. హాలోజన్ పార్ క్యాన్‌లో 1000 వాట్ల ల్యాంప్ ఉంటే అది దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతది. పదిహేను ఆంపియర్ల సాకెట్ మీద మూడు పెట్టొచ్చు, నాలుగోది పెడితే ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతది, అది కూడా సరిగ్గా హీరో చనిపోయేటప్పుడే పడుతది. నాకు జరిగింది. ఒక హాల్లో సౌండ్ వాళ్ల ఆంప్లిఫయర్, మా లైట్లు, ప్రిన్సిపాల్ గారి కోసం తెచ్చిన కూలరు, అన్నీ ఒకే లైను మీద ఉన్నాయని మాకెవరూ చెప్పలేదు. చీకటి పడగానే ప్రేక్షకులు అద్భుతమైన బ్లాక్ అవుట్ అనుకుని చప్పట్లు కొట్టారు, మేం చీకట్లో ఐదు నిమిషాలు శవాన్ని వెతుక్కున్నాం. కాబట్టి హాలుకు ముందు రోజే పోయి ఏ సాకెట్ ఏ లైనుదో రాసుకో. సౌండ్ వేరు, లైట్లు వేరు.

రెండోది, ఎల్‌ఈడీలను పూర్తిగా పక్కన పెట్టకు. హాలోజన్‌ను డిమ్మర్‌తో తగ్గిస్తుంటే వెలుగు తగ్గడమే కాదు, పసుపై, నారింజై, ఎర్రబారి చచ్చిపోతది. అది దీపం చచ్చిపోవడం లాగే ఉంటది, గనిలో చివరి నిమిషాలకు అంతకంటే ఏం కావాలి. మామూలు ఎల్‌ఈడీ అట్లా కాదు, రంగు మారదు, చివర్లో టక్కున ఆరిపోతది. అందుకే గని పైన సీన్లకు, పగటి వెలుగుకు ఎల్‌ఈడీలు వాడు, కింద హాలోజన్. బాయిలోకి దిగగానే వెలుగు జాతే మారిపోయినట్టు ప్రేక్షకుడికి తెలియకుండానే తెలుస్తది.

లైట్లు వేసినవాళ్ల జీవితాలు చదవాలనుంటే అమెరికాలో జీన్ రోజెంతాల్ అని ఒకావిడ, 1912 నుంచి 1969 దాకా బతికింది, ఆమెను కూడా చూడు. ఆమె మొదలుపెట్టిన రోజుల్లో లైట్లంటే ఎలక్ట్రీషియన్ పని, దానికి వేరే డిజైనర్ ఉండాలనే ఆలోచనే కొత్త, అందులోనూ ఆడమనిషి. మార్తా గ్రాహమ్ అనే నర్తకి నాట్యాలకు జీవితాంతం లైట్లు వేసింది, చనిపోయే ముందు కూడా. మన తాపస్ సేన్‌ది డబ్బాల దారి, ఆమెది కాగితాల దారి. ఏ లైటు ఎక్కడ, ఏ క్యూ (లైటు మార్చాల్సిన చోటు) ఎప్పుడు, అన్నీ గీసి రాసి పెట్టుకునే పద్ధతిని నిలబెట్టినవాళ్లలో ఆమె ఒకరు. నువ్వు కూడా క్యూలు రాసుకో, "నేను చూసుకుంటా" అని తలలో పెట్టుకోకు. ఆ రోజు నీ తల పనిచేయదు.


ఖని_పోరడు

అందరికీ చాలా థ్యాంక్స్. వారం రోజులు గాయబ్ అయినా, అన్నీ చేసి చూసినం.

నూనె డబ్బా మొదటిసారి ఫెయిల్. చీలికలు మరీ సన్నగా కొట్టినం, గోడ మీద అలలు కాదు, జీబ్రా గీతలు పడ్డాయి. రెండో డబ్బాకి వెడల్పు పెంచి, చీలికల అంచులు కొంచెం లోపలికి వంచితే, ఆహా. నిజంగా మెదలకుండా నిలబడిపోయినం. అట్ట లేపేవాడి చేతులు వణుకుతున్నాయి అని ముందు తిట్టినా, తర్వాత చూస్తే ఆ వణుకే నీళ్ల మట్టం ఊగినట్టుంది, వదిలేసినం. బొగ్గుదుమ్ము కోసం పొగ మిషన్ అద్దె అడిగితే 2,500 చెప్పిండు, సాంబ్రాణితో సరిపెట్టినం. గని వాసన బదులు గుడి వాసన వస్తోంది, దానికేం చేయాలో తెలియదు.

వడ్డేపల్లి చెరువుకు కూడా పోయినం సార్. సర్దార్ వేషం వేసేవాడు నీళ్లలోకి దిగగానే డైలాగంతా మర్చిపోయిండు, అదే ముఖం ఇప్పుడు స్టేజీ మీద పెడుతున్నడు.

మొన్న ఆదివారం బాపును తీసుకొచ్చిన. రిహార్సలంతా కుర్చీలో వెనక్కి ఒరిగి చూసిండు, ఏం మాట్లాడలే. నీళ్ల సీన్ అయినంక అందరం ఆయన ముఖం దిక్కే చూస్తున్నం. అప్పుడు అన్నడు, "నీళ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. కానీ నీళ్లకంటే ముందు గాలొస్తది. నీళ్లు తోసుకొచ్చే గాలి. ఆ గాలికి మొదలు చెవులు మూసుకపోతయి, అప్పుడు తెలుస్తది." ఇంకోటి కూడా అన్నడు. మా వాళ్ల టోపీ దీపాలన్నీ ప్రేక్షకుల దిక్కే ఉన్నాయి, ముఖాలు కనపడాలని నేనే అట్లా నిలబెట్టిన. "బాయిల ఎవని దీపం వాడు చూసే దిక్కే పోతది. ఇంకొకని దీపం నీ మీద పడితేనే నువ్వు కనపడుతవ్. లేకుంటే నువ్వు లేవు."

అయితే ఇప్పుడు నా ప్రశ్న, ముందు పెట్టిన రెండు ఫ్రంట్ లైట్లు మొత్తం తీసేయాలా? టోపీ దీపాలు ఒకరి మీద ఒకరు వేసుకోవడంతోనే సీనంతా నడపొచ్చా, లేక వెనక వరసల వాళ్లకు ఏమీ కనపడదా?


పాత_డిమ్మర్

తీసెయ్. మొత్తం తీసెయ్. మీ బాపుకు నా నమస్తే చెప్పు.

ఒక్క హాలోజన్‌ను మాత్రం పక్క నుంచి, ఎత్తులో, ఐదు పదో శాతం మీద ఉంచు, మనుషుల అంచు తెలిసేంత. ప్రేక్షకుల కళ్లు చీకటికి అలవాటు పడాలంటే కొన్ని నిమిషాలు పడుతది కాబట్టి ఆ ముందు సీన్ నుంచే కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రా, ఒక్కసారే తగ్గించావంటే వెనక వరసలోళ్లు ఫోన్లు తీస్తరు. టోపీ దీపాలకు ముందు పల్చటి ట్రేసింగ్ పేపర్ అంటించు, లేకుంటే ఎదుటివాడు కళ్లు మూసుకుంటడు. ఎవడు ఎప్పుడు ఎవరి దిక్కు తల తిప్పాలో అదంతా ఇక నీ లైటింగ్ ప్లానే, అక్క చెప్పినట్టు కాగితం మీద రాసుకో. మాట్లాడేవాడి మీద దీపం పడాలని లేదు, వినేవాడి మీద పడితే కొన్నిచోట్ల ఇంకా బాగుంటది.

గాలికి ఫ్యాన్ పెట్టకు, చప్పుడు. నల్ల గుడ్డ వెనక ఇద్దరు పెద్ద అట్టలతో ఒక్కసారి విసరాలి, సాంబ్రాణి పొగంతా దీపాల వెలుగులో ఒక దిక్కుకు కొట్టుకుపోతది. దాని తర్వాత రెండు సెకన్లు ఎవరూ కదలొద్దు. ఆ తర్వాత డబ్బా తిప్పు.


ప్రేక్షకుడు_మూడో_వరస

ఎప్పుడు, ఎక్కడ, టికెట్ ఎంత? మూడో వరసలో ఒకటి ఆపండి. బాపు పక్కన సీటు ఖాళీ ఉంటే ఇంకా మంచిది.